మడమ నొప్పికి షాక్ వేవ్ చేయించుకోమంటున్నారు, ఎలా ఉంటుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నాకు 46 ఏళ్లు, టీచర్‌ని, రోజంతా నిలబడే ఉద్యోగం. ఎడమ మడమ నొప్పి మొదలై తొమ్మిది నెలలు దాటింది. పొద్దున్నే మంచం దిగి కాలు కింద పెడితే ప్రాణం పోయినంత పనవుతుంది, నాలుగడుగులు వేశాక కాస్త సర్దుకుంటుంది, కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ అదే కథ. మాత్రలు వాడాను, మెత్తటి చెప్పులు కొన్నాను, మడమలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా వేశారు, కొన్నాళ్లు బాగుండి మళ్లీ మామూలే. ఎక్స్‌రేలో ఎముక పెరిగిందన్నారు. ఇప్పుడు షాక్ వేవ్ చేద్దామంటున్నారు. కరెంటు పెడతారా? తట్టుకోలేనంత నొప్పి ఉంటుందా? ఆ ఎముక కరిగిపోతుందా?

జవాబు: కరెంటు ఏమీ పెట్టరండీ, భయపడకండి. అవి శబ్ద తరంగాల్లాంటి ఒత్తిడి తరంగాలు. కిడ్నీలో రాళ్లు పగలగొట్టడానికి 1980లో మొదటిసారి మనిషి మీద వాడిన పద్ధతే ఇది, తర్వాత తక్కువ శక్తితో మడమలకీ భుజాలకీ వాడటం మొదలైంది. అందుకే చాలామంది రాళ్లని పగలగొట్టినట్టు ఎముకని కూడా పొడి చేస్తుందేమో అనుకుంటారు. అలా జరగదు, ఆ పెరిగిన ఎముక ట్రీట్‌మెంట్ తర్వాత కూడా ఎక్స్‌రేలో అలాగే కనిపిస్తుంది, కనిపించినా ఫర్వాలేదు ఎందుకంటే ఏ నొప్పీ లేకుండా తిరిగే చాలామంది మడమల్లో కూడా అది ఉంటుంది. మీ బాధంతా మడమ నుంచి వేళ్ల దాకా అరికాలు కింద సాగి ఉండే గట్టి పట్టీది, అది ఎముకకి అతుక్కునే చోట అరిగి సరిగా మానకుండా ఉండిపోయింది. షాక్ వేవ్ అక్కడ రక్తప్రసరణని, మానే ప్రక్రియని మళ్లీ కదిలిస్తుంది, నొప్పిని మోసే నరాల చివర్లని కూడా కొంత మందగింపజేస్తుంది.

చేసేటప్పుడు ఎలా ఉంటుందంటే, మిమ్మల్ని బోర్లా పడుకోబెట్టి డాక్టరో ఫిజియోనో ముందు వేలితో మడమ లోపలి అంచున నొక్కుతూ వెళ్తారు, ఎక్కడ మీరు ఠక్కున కాలు వెనక్కి లాక్కుంటారో అదీ పాయింటు. అక్కడ జెల్ రాసి హ్యాండ్‌పీస్ ఆనిస్తారు, టకటకటక మని సుత్తితో కొట్టినట్టు దెబ్బలు పడతాయి, సిట్టింగ్‌కి సుమారు 2000 దెబ్బలు, అయినా ఐదు పది నిమిషాల్లో అయిపోతుంది. నొప్పి ఉంటుంది, లేదని చెప్తే అబద్ధం. మొదటి నిమిషమే ఎక్కువ, తర్వాత ఆ చోటు కాస్త మొద్దుబారుతుంది. తక్కువ శక్తితో మొదలుపెట్టి మీరు తట్టుకునేదాన్ని బట్టి పెంచుతారు కాబట్టి పళ్లు బిగపట్టుకుని ఓర్చుకోకండి, నోరు తెరిచి చెప్పండి, అసలు చోటు దొరికిందో లేదో తెలిసేది మీరు చెప్పేదాన్ని బట్టే. మత్తు ఇంజెక్షన్ వేసేస్తే పోదా అంటారు కొందరు, ఆ చోట మత్తిస్తే ఫలితం తగ్గుతుందని తేలింది, అందుకే మామూలుగా ఇవ్వరు.

వారానికొకటి చొప్పున మూడు నుంచి ఐదు సిట్టింగులు ఉంటాయి. అయ్యాక నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోవచ్చు. ఒకట్రెండు రోజులు ఎర్రబడటం, కొద్దిగా కమిలినట్టు ఉండటం, నొప్పి కాస్త పెరగటం మామూలే. ఆ రెండు రోజులు పరుగులు, గెంతడాలు వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కూడా ఈ కొన్ని వారాలు సొంతంగా వేసుకోకండి, మనం రేపాలనుకుంటున్న ప్రక్రియనే అవి అణచొచ్చు. మరీ అవసరమైతే పారాసెటమాల్ చాలు.

ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. రెండో సిట్టింగ్ అయ్యేసరికి ఏం తేడా లేదు, డబ్బు దండగ అని మానేస్తారు. ఇది మాత్ర వేసుకుంటే గంటలో తగ్గే రకం కాదండీ, చివరి సిట్టింగ్ తర్వాత ఆరు నుంచి పన్నెండు వారాల్లో అసలు ఫలితం తెలుస్తుంది. ముందుగా మారేది పొద్దున్న మొదటి అడుగే, దాన్నే గమనించుకోండి. అందరికీ పనిచేస్తుందని గ్యారంటీ ఏమీ లేదు, ఎక్కువమందికి బాగా తగ్గుతుంది, కొందరికి సగమే, కొందరికి అసలు తగ్గదు.

ఇంకోటి, దీన్ని నమ్ముకుని వ్యాయామాలు వదిలేస్తే లాభం లేదు. పిక్క సాగదీయడం, మంచం దిగకముందే చేత్తో కాలి వేళ్లని మోకాలి వైపు వంచి పది సెకన్లు పట్టుకోవడం, ఒక పదిసార్లు, ఇవి రోజూ చేయాల్సిందే. ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగకండి.

రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గర్భంతో ఉన్నా, ఆ చోట ఇన్ఫెక్షన్ గానీ గడ్డ గానీ ఉన్నా ఇది చేయరు, ముందే చెప్పేయండి. మీ ఇంజెక్షన్ ఎప్పుడు వేశారో కూడా చెప్పండి, ఈ మధ్యే వేయించుకుని ఉంటే సాధారణంగా ఆరు వారాలైనా ఆగమంటారు. నొప్పితో పాటు అరికాల్లో మంటలు, తిమ్మిర్లు ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడే ఎక్కువవుతున్నా అది వేరే సమస్య కావచ్చు, అప్పుడు షాక్ వేవ్ మొదలుపెట్టకముందే మళ్లీ పరీక్ష చేయించుకోండి.