ఆల్ప్స్ స్కీ ఊళ్లలో చలికాలానికి ముందు తయారుచేసే మంచులో రసాయనాలు ఉంటాయా?

సాధారణంగా ఉండవు, స్నో గన్‌ల (మంచు తయారుచేసే యంత్రాల) నుంచి వచ్చేది గడ్డకట్టిన మామూలు నీళ్లే.

గన్ నీటిని సన్నటి తుంపరగా గాలిలోకి చిమ్ముతుంది. అది నేలను తాకేలోపే గడ్డకట్టాలి. దీనికి చలి ఒక్కటే చాలదు, గాలి పొడిగా ఉండాలి. పొడిగాలిలో తుంపరలోని కొంత నీరు ఆవిరైపోతూ మిగతాదాన్ని చల్లబరుస్తుంది. ఎండాకాలం మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. అందుకే గాలి బాగా పొడిగా ఉంటే సున్నా డిగ్రీలకు కాస్త పైన కూడా మంచు తయారవుతుంది. తేమ ఎక్కువైతే మైనస్ 1 దగ్గరా కష్టమే.

ఆస్ట్రియాలోని కిట్జ్‌బ్యూల్ ఊరినే చూడండి. ఎత్తు దాదాపు 760 మీటర్లే, ఆల్ప్స్‌లో ఇది తక్కువే. జనవరిలో పేరున్న హానెన్‌కామ్ స్కీ రేసులు జరగాలి. ఆకాశం మీద భరోసా పెట్టుకుని కూర్చోలేరు కాబట్టి, నవంబర్‌లో చలి కుదిరిన రాత్రి గన్‌లు తెల్లవార్లూ హోరుమంటూనే ఉంటాయి. నీళ్లు కొండ మీద తవ్విన చెరువుల నుంచి వస్తాయి.

రసాయనాల అనుమానం ఊరికే పుట్టలేదు. త్వరగా గడ్డకట్టడానికి బ్యాక్టీరియా నుంచి తీసిన ప్రొటీన్ కలిపే పద్ధతి ఒకటి నిజంగానే ఉంది. కిట్జ్‌బ్యూల్ ఉన్న టిరోల్ ప్రాంతంలో మాత్రం అలా కలపనివ్వరు. అసలు ఆందోళన పడాల్సింది ఈ మంచుకు ఖర్చయ్యే నీరు, కరెంటు గురించి.