యిర్కలా ప్రయాణం తలపెట్టిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. జూలైలో పిల్లల సెలవులకు మెల్‌బోర్న్ నుంచి వచ్చి, కాథరిన్ దగ్గర బండి ఎక్కి, ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్నెమ్ లాండ్ మీదుగా తూర్పు కొసన సముద్రపు ఒడ్డున ఉన్న యిర్కలా దాకా వెళ్లాలని ఉందని రాశావు. అక్కా బావగారూ అప్పటికి గుంటూరు నుంచి వచ్చి ఉంటారు గనుక వారినీ వెంటబెట్టుకుపోతానన్నావు. సెలవు పెట్టేశాను, యిర్కలా పక్కనున్న పట్టణం నూలన్‌బయ్‌లో గది మాట్లాడేశాను, ఇక ఏ బండి మంచిదో చెబితే చాలని అడిగావు. బండి సంగతి చెబుతాను గానీ, నువ్వు పని తలకిందులుగా మొదలుపెట్టావు. ఆ దారికి మొదట అనుమతి, తరువాత బండి, అన్నిటికంటే చివర తేదీ. మూడుసార్లు ఆ దారిన వెళ్లి వచ్చిన వాడిని గనుక ఈ మాట కాస్త గట్టిగానే అంటున్నాను.

కాథరిన్ నుంచి స్టూవర్ట్ హైవే మీద దక్షిణంగా 50 కిలోమీటర్లు వచ్చాక ఎడమకు చీలే దారే సెంట్రల్ ఆర్నెమ్ రోడ్డు. అక్కడి నుంచి నూలన్‌బయ్ దాకా మొత్తం 650 కిలోమీటర్లకు పైమాటే, అందులో ఎక్కువ భాగం మట్టిరోడ్డు. ఆ రోడ్డుకు ఇరువైపులా కనిపించే నేలలో అధికభాగం సర్కారుదీ కాదు, అటవీశాఖదీ కాదు. 1976లో వచ్చిన భూమి హక్కుల చట్టం కింద అక్కడి ఆదివాసులకే చెందిన సొంత భూమి. ఒకరి పెరట్లోంచి నడిచి పోతున్నప్పుడు ఇంటివారిని అడుగుతాం కదా, పర్మిట్ అంటే అంతే. ఆ భూముల యజమానుల తరఫున పనిచూసే నార్దర్న్ లాండ్ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. బండి నంబరు, బండిలో ఎక్కే ప్రతి ఒక్కరి పేరు, వెళ్లే రోజు, తిరిగివచ్చే రోజు అన్నీ అందులో రాయాలి. కౌన్సిల్ వారు ఆ నేల యజమానులను సంప్రదించాకే జవాబు ఇస్తారు గనుక కనీసం 10 పనిదినాలు చేతిలో ఉంచుకో. నెలన్నర ముందే పంపితే నీకు నిద్ర పడుతుంది. ఆ పర్మిట్ దారికి మాత్రమే. బాగుంది కదా అని పక్కనున్న చిన్నదారిలోకి మళ్లించావంటే అనుమతి లేకుండా చొరబడినట్టే. నూలన్‌బయ్ చుట్టూ ఉన్న సముద్రతీరాలకు, అక్కడ గుడారం వేసుకోవడానికి ధిముర్రు అనే స్థానిక ఆదివాసీ సంస్థ ఇచ్చే పర్మిట్ వేరే ఉంది, దాన్నీ తీసుకో.

ఇది వట్టి కాగితాల తంతు అని నీకు అనిపించకుండా ఒక సంగతి రాస్తాను. యిర్కలా 1935లో మెథడిస్టు మిషన్‌గా మొదలైన ఊరు. ఆ ప్రాంతపు యోల్ంగు ప్రజలను అడగకుండానే అల్యూమినియం తీసే బాక్సైట్ ఖనిజం తవ్వకానికి వారి నేలను కేటాయించినప్పుడు, 1963 ఆగస్టులో వారు చెట్టుబెరడు మీద తమ వంశాల చిత్రాలు వేసి, నడుమ తమ భాషలోనూ ఇంగ్లీషులోనూ టైపు చేసిన విన్నపాన్ని అతికించి కాన్‌బెర్రాలోని పార్లమెంటుకు పంపారు. తవ్వకం ఆగలేదు. వారు కోర్టుకు వెళితే 1971లో తీర్పు కూడా వారికి వ్యతిరేకంగానే వచ్చింది. అయితే ఆ ఓటమి రేపిన చర్చలోంచే విచారణ సంఘం వేయడం, దాని వెనుక 1976 చట్టం రావడం జరిగాయి. ఆ బెరడు విన్నపాలను ఇప్పటికీ పార్లమెంటు భవనంలో చూడవచ్చు. అడగకుండా వచ్చినవారితో ఇంత దూరం పోరాడిన ఊరికి నువ్వు అడగకుండా వెళ్లడం ఏం బాగుంటుంది? చేపలు పట్టే గాలం తెస్తానన్నావు కదా, దానికీ ఇదే వర్తిస్తుంది. ఆదివాసీ భూమి అంచున పోటుకు మునిగి ఆటుకు తేలే నేల మీది నీళ్లపై కూడా అధికారం ఆ భూమి యజమానులదేనని 2008లో హైకోర్టు తేల్చింది. ఆస్ట్రేలియాలో హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టు వంటిదని బావగారికి చెప్పు, లేకపోతే దాని మీద అప్పీలు ఏమైందని ఆయన అడుగుతారు.

ఇక బండి. నగరంలో పిల్లలను బడికి దించే ఎస్‌యూవీ పనికిరాదు. నేలకు ఎత్తుగా ఉండే, నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే (ఫోర్ వీల్ డ్రైవ్) డీజిల్ బండి కావాలి. అద్దెకు తీసుకునేటప్పుడు ఒప్పందం మొత్తం చదువు. మొదటిసారి నేను చదవలేదు. మట్టిరోడ్డుకు అనుమతి ఉందని కౌంటరులో నోటితో చెప్పారు, నమ్మాను. తిరిగి వచ్చాక రాయి తగిలి పగిలిన అద్దం ఖర్చు, టైర్ల ఖర్చు నా మీదే పడ్డాయి, ఎందుకంటే ఆ రోడ్డు పేరు మినహాయింపుల జాబితాలో స్పష్టంగా ఉంది. సెంట్రల్ ఆర్నెమ్ రోడ్డు అన్న పేరు రాసి, ఆ దారిన వెళ్లవచ్చని రాతపూర్వకంగా తీసుకో.

ఆ రోడ్డు ఎలా ఉంటుందో మాటల్లో చెప్పడం కష్టం. రేకుల ఇంటి కప్పు మీద బండి నడుపుతున్నట్టు ఊహించుకో; జానెడు జానెడుకూ ఒక అల, అదీ గంటల తరబడి. నిదానంగా పోతే ఎముకలు కదులుతాయి, వేగం పెంచితే చక్రాలు నేలను పట్టుకోక బండి పక్కకు జారుతుంది. తారు దాటగానే దిగి టైర్లలో గాలి తగ్గించు. నేను 28 పిఎస్ఐకి దించుతాను, అప్పుడు టైరు మెత్తబడి దెబ్బను తాను తీసుకుంటుంది. మళ్లీ నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ కావాలి. స్టెప్నీలు రెండు ఉండాలి, ఒకటి చాలదు. రెండోసారి వెళ్లినప్పుడు దారిలోని బుల్మన్ అనే ఊరు దాటాక నాకు వెనక టైరు చీలింది. జాక్ పెట్టి లేపుతుంటే బండి లేవడం లేదు, జాకే పిండిలాంటి ఆ ఎర్రదుమ్ములోకి దిగిపోతోంది. చివరకు మీ అత్తయ్య కూరలు తరిగే చెక్కపలక తెచ్చి జాక్ కింద పెడితే అప్పుడు లేచింది. ఆ పలక నడుమ జాక్ అడుగు అచ్చు గుండ్రంగా పడింది, దాని మీద మళ్లీ కూరలు తరగలేదు. ఎదురుగా రోడ్ ట్రెయిన్ వస్తే, అంటే రెండు మూడు ట్రెయిలర్లను లాగే లారీ వస్తే, ఎడమకు ఒదిగి ఆగిపో; అది లేపిన దుమ్ము తగ్గి ముందుదారి కనిపించేదాకా కదలకు. చీకటి పడ్డాక నడపనే వద్దు. ఆ దారిలో గేదెలు తిరుగుతాయి. నవ్వకు, నిజంగా గేదెలే; 19వ శతాబ్దంలో ఆసియా దీవుల నుంచి తెచ్చి వదిలేస్తే అడవిపాలై పెరిగిన మంద. మన ఊరి గేదెలాగా హారన్ కొడితే పక్కకు తప్పుకుంటుందని మాత్రం అనుకోకు.

బరువుతో, మట్టిరోడ్డు మీద వంద కిలోమీటర్లకు 14, 15 లీటర్ల లెక్కన ఒక వైపుకే దాదాపు 100 లీటర్ల డీజిల్ తాగుతుంది. దారిలో మెయినోరులోనూ బుల్మన్‌లోనూ ఇంధనం దొరుకుతుంది గానీ, దుకాణం తెరిచే వేళలు ముందురోజు ఫోన్ చేసి కనుక్కో. మొదటి రాత్రి మెయినోరులో ఆగి, తెల్లవారగానే బయలుదేరితే వెలుగుండగానే చేరతావు. నీళ్లు మనిషికి రోజుకు 10 లీటర్ల లెక్కన పెట్టుకో, రెండు రోజులకు అదనంగా ఉంచు. తిండికి నీకు చెప్పేదేముంది, పులిహోర, అటుకులు, కందిపొడి ఉంటే మనవాళ్లు ఎక్కడైనా బతుకుతారు. మద్యం సీసా ఒక్కటి కూడా బండిలో పెట్టకు. అక్కడి కట్టుబాట్లు కఠినం, అవి చాలావరకు ఆ ఊళ్లవారు తమ పిల్లల కోసం కోరి తెచ్చుకున్నవి.

అక్కా బావగార్ల విషయంలో మాత్రం నా మాట విను. బావగారి నడుము సంగతి మనకు తెలుసు, ఆ అలల మీద రెండు రోజులు ఆయన కూర్చోలేరు, కూర్చున్నా బాధ పైకి చెప్పరు. వారిని నా దగ్గర డార్విన్‌లో దించు. నూలన్‌బయ్ దగ్గరి గోవ్ విమానాశ్రయానికి ఇక్కడి నుంచి విమానంలో గంటకు కాస్త పైన ప్రయాణం, నేనే వెంట తీసుకువస్తాను. నువ్వు చేరేసరికి మేము నూలన్‌బయ్‌లో ఉంటాం.

యిర్కలాలో తప్పక చూడవలసినది బుకు లార్ంగై ముల్కా అనే కళాకేంద్రం. తొలి సూర్యకిరణాలు ముఖాన తాకినప్పటి అనుభూతి అని ఆ మొదటి మాటకు అర్థమట, తూర్పు కొసన ఉన్న ఊరికి తగిన పేరు. 1962, 63 ప్రాంతాల్లో చర్చి కోసం వేసిన రెండు పెద్ద చిత్రఫలకాలు అక్కడ ఉన్నాయి. వాటి ముందు పిల్లలను కాసేపు కూర్చోబెట్టు, ఫోను మాత్రం తీయనివ్వకు. అక్కడ దేన్నైనా, ఎవరినైనా ఫోటో తీయాలంటే ముందు అడగాలి. చనిపోయినవారి పేరు కొంతకాలం పలకకపోవడం వారి ఆచారం, మా అమ్మమ్మ తాతయ్య పేరు నోట పలకని మర్యాదకు అది దూరపు చుట్టం అనిపిస్తుంది నాకు. ఊళ్లో ఎవరైనా పోతే కర్మకాండలు ముగిసేదాకా కొన్ని చోట్లకు బయటివారిని రానివ్వరు, అలాంటప్పుడు డబ్బు కట్టామని వాదించకుండా వెనక్కి తిరగాలి. డబ్బంటే గుర్తొచ్చింది, యోల్ంగు భాషలో డబ్బును ఏమంటారో తెలుసా? రుపియా. సముద్రపు దోసకాయలు అనే సముద్రజీవుల కోసం ఇప్పటి ఇండోనేషియాలోని మకస్సర్ నావికులు 1907 దాకా ఏటేటా ఆ తీరానికి వచ్చేవారు, వారి నోటి నుంచి దిగిన మాట. మన రూపాయికి అక్కడ ఒక చుట్టం దొరుకుతుందని నేను ఏనాడూ అనుకోలేదు.

సముద్రం ఎంత నీలంగా ఉన్నా పిల్లలను దిగనివ్వకు. ఉప్పునీటి మొసళ్లను ఇక్కడ, అంటే నార్దర్న్ టెరిటరీలో, 1971 నుంచి చంపరాదు, అవి తీరాన్నే కాక వాగుల్లోనూ ఉంటాయి. నీటి అంచుకు దూరంగా నిలబడు, అదే చోటికి రోజూ ఒకే వేళకు వెళ్లకు, శుభ్రం చేసిన చేపల పొట్టలు ఒడ్డున పారేయకు.

తేదీ చివరన అన్నాను కదా. ఆ రోడ్డు మే నుంచి అక్టోబరు దాకానే, వానల్లో మూసేస్తారు. అందుకే జూలై మంచిదే. ఆగస్టు మొదట్లో నూలన్‌బయ్ దగ్గరి గుల్కులాలో యోల్ంగుల గర్మా ఉత్సవం జరిగే రోజుల్లో గదులు దొరకవు గనుక తిరుగు ప్రయాణం దానిలోకి జారకుండా చూసుకో. బయలుదేరే ముందు రోడ్డు తెరిచి ఉందో లేదో నార్దర్న్ టెరిటరీ ప్రభుత్వపు రోడ్ల సమాచారంలో చూడు.

దారిలో చాలా చోట్ల ఫోను పలకదు. శాటిలైట్ ఫోను ఒకటి అద్దెకు తీసుకో. కాథరిన్‌లో బయలుదేరేటప్పుడు, మెయినోరులో రాత్రికి, నూలన్‌బయ్ చేరగానే నాకు చెప్పు. రెండో రోజు రాత్రి 8 గంటలకు నీ కబురు రాకపోతే నేను పోలీసులకు ఫోన్ చేస్తాను, ఆలస్యమైందని మొహమాటపడి మానుకోను. పర్మిట్ దరఖాస్తు నకలు ఒకటి నాకు పంపు. ఆ చెక్కపలక ఇంకా మా గరాజ్‌లోనే ఉంది, అక్కా వాళ్లను దించడానికి వచ్చినప్పుడు గుర్తుచేస్తే ఇస్తాను.

ఇట్లు,
నీ మామయ్య