పద్మినిలో చోక్ కేబుల్ కాలడం: సమాధానం

మీ పద్మిని కారులో సెల్ఫ్ కొట్టినప్పుడల్లా చోక్ కేబుల్ (డాష్‌బోర్డు నుంచి కార్బ్యురేటర్‌కి వెళ్లే లోహపు తీగ) కాలుతోందని, దాన్ని మార్చేద్దామనుకుంటున్నానని రాశారు. అలా కాలుతోందంటే, ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ (కరెంటును బ్యాటరీకి తిరిగి చేర్చే లావుపాటి పట్టీ) ఊడిపోయి ఉంటుంది. పాత ఓనరు గేర్‌బాక్స్ దించినప్పుడు పట్టీ విప్పి, మళ్లీ బిగించలేదేమో. సెల్ఫ్ కరెంటంతా ఆ సన్న కేబుల్ గుండా తిరిగొస్తోంది. మీరన్నట్టు కేబుల్ మారిస్తే అదీ మాడుతుంది.

1. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్ బ్లాక్‌కి జంపర్ కేబుల్ తగిలించి సెల్ఫ్ కొట్టండి. హుషారుగా తిరిగితే జబ్బు అదే.
2. బ్యాటరీ విప్పి కొత్త పట్టీ వేయండి.
3. అందరూ వదిలేసేది ఇదే: బోల్టు కింద పెయింటు. రెండు చివర్లా ఇనుము మెరిసేదాకా గీకాలి. కావలిలో నేను కొన్న బండికైతే పట్టీతో సహా రంగు కొట్టేశారు మహానుభావులు!
4. బిగించాక పైన వాజలిన్ రాయండి. మీ ఒంగోలు ఉప్పుగాలికి అది తప్పదు.