మీ అమ్మ మతిమరుపు గురించి

నాయనా,

అనంతపురం నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో మీ అమ్మ "అక్కా, మీ పక్క వానలు పడినాయా?" అని మూడుసార్లు అడిగింది. మూడోసారి నేను ఫోన్ నీకిమ్మన్నాను. నువ్వేమో "వయసైపోయింది కదా పెద్దమ్మా, మెదడుకు మంచివని ఆన్‌లైన్లో నాలుగు సీసాలు తెప్పించినా" అన్నావు. ఆ సీసాల మూతలు ఇంకా తీయకుంటే తీయొద్దు. ఎందుకో చెబుతా.

మీ పెదనాన్నకు జరిగింది నీకు సరిగ్గా తెలియదు, అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. ఒకరోజు సప్తగిరి సర్కిల్‌కు స్కూటర్ మీద పోయి, ఆటోలో ఇంటికొచ్చాడు. స్కూటరేదంటే "నేనెప్పుడు తీసకపోయినా?" అని నామీదే గయ్యిమన్నాడు. మతిమరుపు ఒకటే అయితే నేనూ వయసనుకుని ఊరుకునేదాన్నే. కానీ నడుస్తుంటే ఒక కాలి చెప్పు జారిపోయేది, ఆయనకు తెలిసేదే కాదు. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిదిగా వాకిట్లో నిలబడేవాడు. మెడికల్ షాపులో జ్ఞాపకశక్తికని ఒక టానిక్ ఇస్తే రెండు నెలలు తాగించాను. షుగర్ మనిషికి తియ్యటి టానిక్! నర్సుగా ముప్పై ఏళ్లు చేసిన నాకే ఆ మాత్రం బుద్ధి లేకపోయింది.

చివరికి ఒక డాక్టర్ ట్యూనింగ్ ఫోర్క్, అంటే కొడితే అదిరే రెండు కొనల లోహపు పుల్ల, మోగించి ఆయన చీలమండ ఎముక మీద ఆనించాడు. "జుమ్మంటోందా?" అంటే "ఏం లేదే" అన్నాడు మీ పెదనాన్న. అదే నా మోచేతికి ఆనిస్తే ఎముకంతా జుమ్మంది. అంటే ఆయన కాళ్ల నరాలు దెబ్బతిన్నాయన్నమాట. రక్తం పరీక్షలో బీ12 విటమిన్ 130 వచ్చింది. 200 కంటే తక్కువుంటే లోపం కిందే లెక్క.

బీ12 మొక్కల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలోనే. రాగిసంగటి, ఆకుకూర పప్పు ఎంత మంచివైనా ఇందులో మాత్రం సున్న. తిన్నదాంట్లోంచి అది విడిపడాలంటే కడుపులో ఆమ్లం కావాలి, వయసు పైబడితే చాలామందికి ఆ ఆమ్లమే తగ్గుతుంది. పైగా గ్యాస్ మాత్ర ఏళ్ల తరబడి మింగితే ఇంకా తగ్గుతుంది. షుగర్‌కిచ్చే మెట్‌ఫార్మిన్ కూడా బీ12ను ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. మీ పెదనాన్న ఈ రెండూ మింగేవాడు. అట్లని షుగర్ మాత్ర మానేయమని కాదు, ఆ పని మాత్రం చేయొద్దు. పరీక్ష చేయించుకుంటూ ఉండాలి, అంతే.

ఇప్పుడు మీ అమ్మ సంగతి చూడు. మీ నాన్న పోయి ఆరేళ్లు. అప్పటి నుంచి మాంసం, గుడ్డు ముట్టడం లేదు. జలుబు చేస్తుందని పెరుగూ మానేసింది. రాత్రికి రెండు ముద్దలు, పొద్దున గ్యాస్ మాత్ర. బీ12 కాలేయంలో మూడు నుంచి ఐదేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది, అందుకే మానేసిన వెంటనే ఏమీ కనిపించదు. నిల్వ అయిపోయాక బయటపడుతుంది. లెక్క సరిపోతోంది కదా? అయినా నేను అనుకున్నదే నిజమని పట్టుకు కూర్చోకు, పరీక్షే చెప్పాలి.

సీసాలు తీయొద్దన్నది అందుకే. వాటిలో బీ12 ఉంటే, మాత్రలు మింగాక రక్తమిస్తే అంకె పెరిగి అసలు లోపం దాక్కుంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది, ఇట్లాంటి మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ అనే బీ విటమిన్ కూడా ఉండొచ్చు. ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన తెలుగాయన ఎల్లాప్రగడ సుబ్బారావే, ఎంత గొప్ప మందో చెప్పక్కర్లేదు. కానీ బీ12 తక్కువున్న మనిషికి అదొక్కటే పెద్ద మోతాదులో ఇస్తే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల చెడిపోతూనే ఉంటాయి.

ఆదివారం ప్రొద్దుటూరు పోయినప్పుడు ఆమె మింగే మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని డాక్టర్ దగ్గరికి తీసుకుపో. బీ12తో పాటు బ్లడ్ కౌంట్, థైరాయిడ్, షుగర్, సోడియం చూడమని అడుగు. బీపీకి నీళ్ల మాత్ర, అంటే మూత్రం ఎక్కువ పోయేట్టు చేసేది, వాడేవాళ్లకు సోడియం పడిపోయి మనిషి అయోమయమైపోవడం నా డ్యూటీలో ఎన్నిసార్లు చూశానో. వారానికొక డీ విటమిన్ పొడి, 60,000 యూనిట్లది, ఎవరో చెప్పారని ఏడాదిగా తాగుతోందట. అదీ చెప్పు. డీ మితిమీరితే కాల్షియం పెరిగి మలబద్ధకం వస్తుంది, మనసు కూడా మొద్దుబారుతుంది. ఒక్కరోజులోనే మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా మాత్రం ఆదివారం దాకా ఆగొద్దు, అప్పటికప్పుడే ఆసుపత్రికి.

టీవీ సౌండ్ వీధి దాకా వినిపిస్తోందన్నావు. చెవులు చూపించు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్, డిమెన్షియాకు, అంటే మతి క్రమంగా పోయే జబ్బుకు దారితీసే, మనం అదుపు చేయగలిగిన కారణాలు 14 అని చెప్పింది. వాటిలో వినికిడి తగ్గడం ఒకటి. బీపీ, షుగర్, ఒంటరితనం కూడా అందులో ఉన్నాయి. వినపడక నలుగురిలో కూర్చోవడం మానేస్తుంది, మనం మతి పోయిందనుకుంటాం. చెవి మిషన్ పెట్టుకోనని మొండికేస్తుంది, నేను మాట్లాడతాలే.

మీ పెదనాన్నకు ఇంజెక్షన్లు మొదట రోజు మార్చి రోజు, తర్వాత వారానికొకటి ఇచ్చారు. మూడు నెలలకు బ్యాంకు పాస్‌బుక్ ఎక్కడ పెట్టాడో తనే తీసి చూపించాడు. కాళ్ల తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు, ఆలస్యం చేశాం. అందరికీ ఇట్లా తిరిగొస్తుందనీ కాదు. లోపం లేనివాళ్లకు ఎన్ని మాత్రలిచ్చినా జ్ఞాపకం పెరగదు. జింకో అనే చెట్టు ఆకుల నుంచి చేసే మాత్రల మీద పెద్ద పరిశోధన చేసినా డిమెన్షియాను ఆపినట్టు తేలలేదు. నీ సీసాల్లో ఒకటి అదేనని ఫోటోలో చూశాను.

పెరుగు సంగతి నేను చూసుకుంటా. ఊరిబిండి నూరి పంపిస్తా, అది కలుపుకుని తింటే పెరుగన్నం కావాలని తనే అడుగుతుంది. రిపోర్టు రాగానే వాట్సాప్‌లో పెట్టు. సీసాలు వాపసు పంపే గడువు ఎప్పటిదాకా ఉందో ఈరోజే చూసుకో.

మీ పెద్దమ్మ