కుక్క శిక్షణలో ఒక్కొక్కరు ఒక్కో మాట ఎందుకు చెబుతారు?

కుక్క గొలుసు లాగుతోందంటే ఒకరు "నువ్వే బాస్ అని చూపించు" అంటారు, ఇంకొకరు "ట్రీట్ ఇవ్వు" అంటారు. మరి ఎవరి మాట వినాలి?

ఈ 'బాస్' గోల చాలావరకు 1947లో జంతువుల ప్రవర్తనను పరిశీలించే రుడాల్ఫ్ షెంకెల్ తోడేళ్ల మీద రాసిన పరిశీలన నుంచి వచ్చింది. గుంపులో పెత్తనం కోసం తోడేళ్లు పోటీ పడతాయని అందులో ఉంది. కానీ అవి జూలో బంధించి ఉంచిన తోడేళ్లు. అడవిలో గుంపంటే సాధారణంగా తల్లిదండ్రులూ వాటి పిల్లలేనని తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ 1999లో వివరించాడు. అయినా పాత మాట ఇంకా నడుస్తూనే ఉంది. పైగా కుక్క తోడేలు కాదు కదా!

కొడితే ఫలితం అప్పటికప్పుడు కనిపిస్తుంది, అందుకే జనం నమ్ముతారు. గుర్రుమన్న కుక్కను కొడితే గుర్రుమనడం మానేస్తుంది. భయం మాత్రం పోదు. మరోసారి హెచ్చరించకుండానే కరవొచ్చు.

ఏ సలహా విన్నా నేను చూసేది ఒకటే: ఆ పని చేస్తే కుక్కకు ఏం దక్కుతోంది? గొలుసు బిగిసినా మనం ముందుకే నడిచామనుకోండి, లాగితే చెట్టు దగ్గరికి చేరొచ్చని మనమే నేర్పినట్టు. బిగియగానే ఆగండి. వదులైన క్షణంలోనే మెచ్చుకుని కదలండి. ఆలస్యమైతే దేనికి మెచ్చుకున్నారో దానికి అర్థం కాదు. క్లిక్కర్ (సరైన పని చేసిన క్షణాన 'టిక్' మని శబ్దం చేసే చిన్న పరికరం) వాడాలా వద్దా అన్న గొడవ దీని ముందు చిన్నది.

ఉన్నట్టుండి కరవడం మొదలుపెడితే మాత్రం ముందు పశువైద్యుడికి చూపించండి. చెవి నొప్పితోనో కీళ్ల నొప్పితోనో బాధపడే కుక్కకు ఏ శిక్షణా తలకెక్కదు.