మొక్కల చిత్రాలు, ఎండు నమూనాలు: ఈ చదువుకు బతుకుతెరువు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బి.ఎస్సీ. బోటనీ చివరి సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచి బొమ్మలు బాగా వేస్తుంది. కళాశాల వారితో కోయంబత్తూరు వెళ్లి, అక్కడి హెర్బేరియంలో పాత మొక్కల చిత్రాలు, కాగితాలకు అతికించిన ఎండు మొక్కలు చూసి వచ్చినప్పటి నుంచి అదే తన పని అంటోంది. మేము బి.ఇడి. చేయించాలనుకున్నాం. ఇందులో నిజంగా బతుకుతెరువు ఉందా? బొమ్మలు నేర్పే కోర్సులో చేర్పించాలా? (ఒక తండ్రి, పెద్దాపురం)

జవాబు: అయ్యా, ముందుగా మీ రెండు ప్రశ్నలకూ సూటిగా జవాబు చెబుతాను. ఇందులో బతుకుతెరువు ఉంది. అయితే ఉద్యోగాలు తక్కువ, స్థిరమైనది చేతికి రావడానికి కొన్నేళ్లు పడుతుంది. ఇప్పుడే చిత్రలేఖనం కోర్సులో చేర్పించవద్దు, ఎం.ఎస్సీ. బోటనీలో వర్గీకరణ శాస్త్రం ప్రధానంగా చదివించండి. మన దేశంలో హెర్బేరియంలకు, అంటే ఎండు మొక్కల నమూనాలను భద్రపరిచే సంస్థలకు, మొదట కావలసింది మొక్కను గుర్తుపట్టగలిగిన మనిషి. ఆ మనిషికి బొమ్మ వేయడం కూడా వస్తే విలువ ఎంతో పెరుగుతుంది గాని, బొమ్మ ఒక్కటే వచ్చినవారికి నెల జీతమిచ్చే స్థానాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మీ అమ్మాయి మనసు ఎందుకు అటు లాగిందో మీకు తెలియాలంటే మీ పొరుగూరి సంగతే చెప్పాలి. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 1781 నుంచి 1793 వరకు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా సామర్లకోటలో ఉండి, అక్కడ మొక్కల తోట పెంచుతూ చుట్టుపక్కల అడవుల్లో, పొలాల్లో దొరికిన ప్రతి మొక్కనూ పరిశీలించారు. స్థానిక చిత్రకారులను పెట్టుకుని, మొక్క ఎదుట ఉండగానే బొమ్మ వేయించారు. 1787లో వచ్చిన తుఫాను, ఉప్పెనలో అప్పటిదాకా సేకరించిన నమూనాలూ పుస్తకాలూ పోగొట్టుకుని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఆ కృషి నుంచి ఎంపిక చేసిన 300 చిత్రాలతో 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' అనే గ్రంథం 1795లో మొదలై మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. తరువాత ఆయన కలకత్తా వెళ్లి కూడా ఈ పని కొనసాగించారు. మొత్తం రెండున్నర వేలకు పైగా చిత్రాలు తయారయ్యాయి. ఒక ప్రతి కలకత్తాలో ఉండిపోగా, మరొకటి ఇంగ్లండ్ చేరి ఇప్పుడు క్యూ ఉద్యానవనంలో ఉంది. వాటిని గీసిన చిత్రకారుల్లో చాలామంది పేర్లు మనకు మిగలలేదు. ఆ లోటు నన్ను ఎప్పుడూ బాధిస్తుంది.

ఆ తరువాతి తరంలో రాబర్ట్ వైట్ అనే మరో స్కాట్లాండ్ వైద్యుడు దక్షిణ భారత మొక్కల మీద పనిచేసినప్పుడు రంగయ్య, గోవిందు అనే ఇద్దరు చిత్రకారులు ఆయనకు బొమ్మలు వేశారు. వైట్ ప్రచురించిన 'ఐకోనెస్' అనే ఒక్క గ్రంథంలోనే 2,101 చిత్రఫలకాలు ఉన్నాయి. అందులోనే ఆయన 1853లో ఒక ఆర్కిడ్ ప్రజాతికి (దగ్గరి పోలికలున్న జాతుల గుంపుకు) 'గోవిందూయియా' అని పేరు పెట్టారు. ఆ మొక్కను నేడు వేరే ప్రజాతిలో కలిపేశారు గాని, మన చిత్రకారుడి పేరు శాస్త్ర గ్రంథాలకెక్కిన సంగతి మాత్రం చెరిగిపోదు. ఆ మూల చిత్రాలు ఎడిన్‌బరోలోని రాయల్ బొటానిక్ గార్డెన్‌లో భద్రంగా ఉన్నాయి.

ఇవన్నీ పాత అందమైన బొమ్మలు మాత్రమే కదా, వీటితో నేటి శాస్త్రానికి పనేమిటి అని మీకు అనిపించవచ్చు. ఒక మొక్కకు శాస్త్రీయనామం పెట్టినప్పుడు, ఆ పేరు ఏ మొక్కకు చెందుతుందో తేల్చే సాక్ష్యంగా ఒక నమూనాను నిర్ణయిస్తారు. దానిని 'టైప్' అంటారు. రాక్స్‌బర్గ్ కాలం నాటి పేర్లకు ఎండు నమూనా మిగలకపోతే చిత్రాన్నే టైప్‌గా ఎంచుకోవచ్చు. 2007 జనవరి 1 నుంచి ప్రకటించే కొత్త పుష్పించే మొక్కలకు మాత్రం నమూనా తప్పనిసరి. కాబట్టి రెండు శతాబ్దాల కిందట సామర్లకోటలో ఎవరో గీసిన బొమ్మలో అండాశయం అడ్డుకోత ఎలా ఉంది, కేసరాలు ఎన్ని అన్నది ఈనాటికీ ఒక పేరు భవిష్యత్తును నిర్ణయించగలదు. దానిని చదవడానికి పుష్ప నిర్మాణం క్షుణ్ణంగా తెలియాలి. నేను ముందు బోటనీ చదవమనడానికి కారణం ఇదే.

ఇక హెర్బేరియంలో రోజువారీ పని ఎలా ఉంటుందో కూడా మీ అమ్మాయికి తెలిసి ఉండాలి. పూతతో, వీలైతే కాయతో సహా కొమ్మను తెచ్చి, పాత వార్తాపత్రికల మధ్య పరిచి, ఆపైన అద్దుడు కాగితాలు వేసి బిగించి, తడి ఆరేవరకు కాగితాలు మారుస్తూ ఉండాలి. తరువాత సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అట్ట మీద కుట్టి లేదా అతికించి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారో, స్థానిక నామం ఏమిటో, ఆరిపోయాక తెలియకుండా పోయే పూవు రంగు ఏమిటో చీటీ మీద రాయాలి. చీటీ లేని నమూనా ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి పెద్దగా పనికిరాదు. పురుగు పట్టకుండా పాత నమూనాలకు పాదరస లవణం పూసేవారు; అది విషం కాబట్టి వాటిని చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. చిత్రం వేయవలసి వచ్చినప్పుడు ఎండిన పువ్వును వేడినీటిలో నానబెట్టి, మెత్తబడ్డాక సూక్ష్మదర్శిని కింద సూదులతో విప్పి, ఒక్కొక్క భాగాన్నీ కొలిచి నల్ల సిరాతో గీయాలి. ఫొటోలు ఇంత సులువైన ఈ రోజుల్లో కూడా కొత్త జాతిని ప్రకటించే పరిశోధన పత్రాల్లో ఇటువంటి రేఖాచిత్రాన్ని చేరుస్తూనే ఉన్నారు, ఎందుకంటే ఫొటో ఒక కొమ్మను ఉన్నదున్నట్లు చూపిస్తుంది, చిత్రకారిణి ఆ జాతిని వేరు చేసే లక్షణాలను ఎంచి చూపగలదు. ఎనిమిది గంటలు కదలకుండా కూర్చుని ఈ పని చేసే ఓర్పు అమ్మాయికి ఉందో లేదో మీరే బాగా చెప్పగలరు.

చదువు విషయానికి వస్తే, పీజీ ప్రవేశ పరీక్ష ఎ.పి. పీజీసెట్ రాయించి, మొక్కల వర్గీకరణ మీద పనిచేస్తున్న అధ్యాపకులు ఉన్న విశ్వవిద్యాలయాన్నే ఎంచుకోండి. చాలా బోటనీ శాఖలు బయోటెక్నాలజీ వైపు మళ్లాయి కాబట్టి, చేరే ముందే విచారించడం మంచిది. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ, తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర, హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయాలకు సొంత హెర్బేరియంలు ఉన్నాయి. ఎం.ఎస్సీ. చదువుతూనే సి.ఎస్.ఐ.ఆర్. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో లైఫ్ సైన్సెస్‌కు సిద్ధం కావాలి, అందులో జె.ఆర్.ఎఫ్. (జూనియర్ పరిశోధక ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల వేతనంతో పరిశోధన చేయవచ్చు. 1890లో ఏర్పడిన భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ ఈ రంగానికి పెద్ద దిక్కు. దానికి హైదరాబాద్‌లో దక్కన్ ప్రాంతీయ కేంద్రం, కోయంబత్తూరులో మీ అమ్మాయి చూసి వచ్చిన మద్రాస్ హెర్బేరియం, హౌరాలో సుమారు ఇరవై లక్షల నమూనాలున్న కేంద్ర జాతీయ హెర్బేరియం ఉన్నాయి. బోటనిస్ట్ పోస్టులు యు.పి.ఎస్.సి. ద్వారా భర్తీ అవుతాయి, కానీ ప్రకటనలు ఏటా రావు. వాటి కోసం ఎదురుచూసే కాలంలో ప్రాజెక్టు ఫెలోలుగా, నమూనాలను డిజిటల్ రూపంలోకి మార్చే సిబ్బందిగా, జీవవైవిధ్య రిజిస్టర్ల తయారీలో, ఆయుర్వేద ముడి మూలికలను గుర్తించే ప్రయోగశాలల్లో పని దొరుకుతుంది. ఇవి చాలావరకు తాత్కాలికమైనవేనని తెలిసి దిగాలి. మొక్కల కంటే పాత కాగితాలను, వర్ణచిత్రాలను కాపాడే పని మీద ఆసక్తి ఎక్కువైతే బరోడా, కలకత్తా, బనారస్ విశ్వవిద్యాలయాల్లో మ్యూజియాలజీ (మ్యూజియాల నిర్వహణ శాస్త్రం) కోర్సు ఉంది. విదేశీ చదువు గురించి ఉపకార వేతనం చేతికి వచ్చాకే ఆలోచించండి, అప్పు చేసి పంపవద్దు.

మీ అమ్మాయికి ఉన్న ఇంకొక బలం తెలుగు. రాక్స్‌బర్గ్ మొక్కల తెలుగు పేర్లను విని తన భాషా లిపిలో రాసుకున్నారు. వాటిని సరిగా చదివి, నేటి పల్లెల్లో వాడే పేర్లతో పోల్చగలిగేవారు కావాలి. జ్వరానికి మందుగా వాడే బెరడు గల సోమిద చెట్టును ఆయన తన గ్రంథంలో వర్ణించారు. తరువాత ఆ ప్రజాతికి పెట్టిన 'సోయ్‌మిడా' అన్న లాటిన్ పేరు మన సోమిదే. కలంకారీ ఎరుపుకు వాడే చిరివేరు మొక్క కూడా ఆ గ్రంథంలో ఉంది. ఇటువంటి పేర్ల మీద చేసే పని చక్కని ఎం.ఎస్సీ. ప్రాజెక్టు అవుతుంది.

బి.ఇడి. సంగతికి వస్తే, అది ఎం.ఎస్సీ. తరువాత కూడా చేయవచ్చు. ఇప్పుడు ఆపినంత మాత్రాన దారి మూసుకుపోదు. పైగా ఎం.ఎస్సీ.తో పాటు నెట్ గాని, రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష ఎ.పి.సెట్ గాని ఉత్తీర్ణురాలైతే డిగ్రీ కళాశాలలో అధ్యాపకురాలిగా అర్హత వస్తుంది. మీరు కోరుకున్న స్థిరత్వానికి ఇది వేరొక దారి. ముప్పై ఏళ్లు వచ్చేలోగా పరిశోధనలో గాని సర్వేక్షణ సంస్థలో గాని స్థానం కుదరకపోతే బోధన వైపు మళ్లాలని ఇప్పుడే మీరూ అమ్మాయీ కూర్చుని మాట్లాడుకోండి.

ఈ వేసవిలో ఖర్చు లేని పని ఒకటి చేయించండి. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే ఉచిత వెబ్‌సైట్‌లో కోరమాండల్ గ్రంథం ఉంది. ఆ 300 చిత్రాల్లో మీ చుట్టుపక్కల ఈనాటికీ కనిపించే ఇరవై మొక్కలను అమ్మాయి ఎంచుకోవాలి. ఒక్కొక్కదాన్నీ తానే నొక్కి ఆరబెట్టి, చీటీ రాసి, పువ్వు విప్పి బొమ్మ వేసి, పాత చిత్రంతో పోల్చి అర పేజీ రాయాలి. ఇరవై పూర్తయితే ఆ కట్టను తీసుకుని హైదరాబాద్ దక్కన్ ప్రాంతీయ కేంద్రానికి ముందుగా ఉత్తరం రాసి వెళ్లండి, అక్కడి శాస్త్రవేత్తలను తప్పులు చెప్పమని అడగండి. అయిదింటి దగ్గరే విసుగు వస్తే, అదీ ఆమెకూ మీకూ ఎం.ఎస్సీ. ఫీజు కట్టకముందే తెలుస్తుంది.