ఆ గౌను టైట్ చేయించకు

చిట్టీ,

పారిస్ వేలంలో స్పెయిన్ డిజైనర్ బెలెన్‌సియాగా కాక్‌టెయిల్ గౌను కొనబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. 1958 నాటి బేబీ డాల్ అనే వదులు గౌను, షాంటిలీ అనే సన్నని నల్ల ఫ్రెంచి లేసుది అట. మన ఇంటి పిల్ల అలాంటి గౌను కోరుకుందని ఎంత గర్వంగా ఉందో! ఆ డబ్బుకి పట్టుచీరలు వచ్చేవని మా చెల్లి గొణుగుతోంది, పట్టించుకోకు.

లేబుల్ వెనుక నంబరు వేసిన చిన్న టేపు ఉందేమో చూడు. లేబుల్ మీద ‘ఐసా’ (EISA) అని ఉంటే నకిలీ అనుకోకు. బెలెన్‌సియాగా తల్లి ఇంటిపేరు ఐసాగిర్రె. స్పెయిన్‌లోని తన దుకాణాలకు అందులోంచే ఆ పేరు పెట్టుకున్నాడు.

వదులుగా ఉంది కాబట్టి నడుం దగ్గర టైట్ చేయించుకుంటానన్నావట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. వద్దమ్మా.

నేను పారిస్‌లో పాత బట్టలు బాగుచేసే పనిలో ఉన్నప్పుడు ఒకావిడ అచ్చం అలాంటి గౌనే తెచ్చింది. అప్పటికే ఎవరో టైలరు పక్క కుట్లు విప్పి, పైలేసుని ఒంటికి అతుక్కునేలా బిగించేశాడు. మిగిలిన లేసు కత్తిరించి పారేశాడు. ఆ గౌనులో ఒంటిని పట్టి ఉండేది లోపలి గౌను ఒక్కటే. పైలేసు భుజాల నుంచి వదులుగా దిగాలి, రెండింటి మధ్య గాలి ఆడాలి. నడుస్తుంటే లేసు చాటున నడుము కనబడీ కనబడనట్టు ఉండాలి. 1947లో ఫ్రెంచి డిజైనర్ డియోర్ నడుము బిగించి లోకాన్ని తనవైపు తిప్పుకుంటే, బెలెన్‌సియాగా ఆ నడుమునే వదిలేసే ధైర్యం చేశాడు. స్పెయిన్ బాస్క్ ప్రాంతంలో గెటారియా అనే రేవు ఊళ్లో, కుట్టుపనితో ఇల్లు నడిపిన తల్లి దగ్గర సూది పట్టినవాడు. గీయడం, కత్తిరించడం, కుట్టడం అన్నీ స్వయంగా చేయగలిగినవాడు. అలాంటి మనిషి వదులుగా వదిలాడంటే ఊరికే వదిలాడా? ఆవిడ మళ్లీ మునుపటిలా చేయమని బతిమాలింది. చేయడానికి లేసేదీ? కుట్లు విప్పితే వరసగా సూది రంధ్రాలే మిగిలాయి. ఆవిడ ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది.

1968లో ఆయన పారిస్ దుకాణం మూసేశాడు, 1972లో పోయాడు. ఆయన దగ్గర పనిచేసిన కురేజ్, ఉంగారో తర్వాత డిజైనర్లుగా పెద్ద పేరు తెచ్చుకున్నారు. కానీ ఆయన ఉండగా ఆ వర్క్‌షాపులో కుట్టిన గౌన్లు మళ్లీ పుట్టవు కదా. కొనేముందు వీలైతే గెటారియా వెళ్లు, 2011లో తెరిచిన ఆయన మ్యూజియం ఉంది. అక్కడి గౌన్ల చుట్టూ తిరిగి వెనక వైపు కూడా చూడు.

కొన్నాక హ్యాంగర్‌కి తగిలించకు, బరువుకి భుజాలు చిరుగుతాయి. ఆసిడ్ లేని టిష్యూ కాగితం మడతల్లో పెట్టి పెట్టెలో పడుకోబెట్టు. సెంటు కొట్టకు. మామూలు డ్రైక్లీనింగ్‌కి అస్సలు ఇవ్వకు. చెమట పట్టే చోట వేసుకోకు, పట్టుకి చెమట పడదు. కలరా ఉండలు బట్టకి తగలనివ్వకు.

కోప్పడ్డాననుకోకు తల్లీ. నువ్వు వేసుకుంటే ఎంత బాగుంటావో నాకు తెలుసు. లోపలి గౌను మరీ పట్టేస్తే మటుకు కొనకు, ఇంకోటి వెతుకుదాం. వేలానికి ముందు లోపలి కుట్లు కనబడేలా ఫొటోలు తీసి పంపు. చూసి ఫోన్ చేస్తాను.

పెద్దమ్మ